ఆకుపచ్చ దీపం ముందు పదకొండు నిమిషాలు

మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో మాకు ఆరు సబ్జెక్టులు. వాతావరణం, దారి లెక్కలు, విమాన చట్టాలు, ఇంజిన్లు, పైలట్ శరీరధర్మం. ఈ అయిదూ చదివి పాసవ్వచ్చు. ఆరోది మాత్రం చూసి పాసవ్వాలి. దాని పేరు సంకేతాలు. ఆ సబ్జెక్టు చెప్పే ఆయన ముప్ఫై ఏళ్లు విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేసి, రిటైరయ్యాక మా యూనివర్సిటీకి వచ్చాడు. అందరం టవర్ సార్ అనేవాళ్లం. మనిషి కూడా పేరుకు తగ్గట్టు పొడుగు.

"రేడియో చచ్చిపోయిందనుకోండి, ఇక మీకూ భూమికీ మధ్య మిగిలేది ఒక్క దీపం. దాని రంగే మీకు మాట" అని మొదటి క్లాసులోనే చెప్పాడు.

ప్రాక్టికల్ కోసం డిపార్ట్‌మెంట్ వెనక మైదానంలో సున్నంతో రన్‌వే గీశారు. విమానాలు మేమే. గీతల మీద వరసగా నిలబడితే సార్ రెండో అంతస్తు వరండాలోంచి పిడి ఉన్న పెద్ద దీపంతో మా మీదకు వెలుగు కొట్టేవాడు. ఆకుపచ్చ మిణుకుమంటే ముందుకు కదలాలి. ఎరుపు నిలకడగా వెలిగితే ఆగాలి. తెలుపు మిణుకుమంటే బయల్దేరిన చోటికి వెనక్కి పోవాలి. అది చలి మొదలైన నెల. పొద్దున ఎనిమిదింటికి కూడా మైదానం మీద పల్చగా మంచు ఉంది. దీపం మిణుకుమంది. నేను వెనక్కి తిరిగి నడిచాను. మిగతా పదకొండు మందీ ముందుకు నడిచారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పరాకుగా ఉన్నానని చెప్పాను.

రెండోసారి సరిగ్గా చేశాను. మూడోసారి, నాలుగోసారి కూడా. అయిదోసారి సార్ దీపాన్ని తన కోటు చాటుకు తీసుకుని రంగు మార్చి, అప్పుడు బయటికి చూపాడు. నేను మళ్లీ వెనక్కి నడిచాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

క్లాసయ్యాక నన్ను వరండాలోకి పిలిచాడు. దీపానికి పక్కన ఒక చిన్న మీట ఉంది. ఎడమకు తోస్తే ఎరుపు, మధ్యలో తెలుపు, కుడికి ఆకుపచ్చ. "నువ్వు రంగు చూడటం లేదమ్మా, నా చెయ్యి చూస్తున్నావు" అన్నాడు. తిట్టినట్టు కాదు. జ్వరం ఉందేమోనని నుదురు ముట్టుకుని చూసినట్టు అన్నాడు. పై సెమిస్టర్ నుంచి మాకు విమానం ఎక్కించి నేర్పుతారు. దానికి ముందు కళ్లకు, గుండెకు, చెవులకు డాక్టర్ పరీక్ష ఉంటుంది. వచ్చే నెల తొమ్మిదో తారీఖున. అది తప్పితే పైలట్ కోర్సు అక్కడితో సరి. ఆ లోపు ఎక్కడైనా కళ్లు చూపించుకోమన్నాడు. తను ఏ రిపోర్టూ రాయనన్నాడు. "చెప్పాల్సింది నువ్వు. నేను చెప్తే అది చాడీ అవుతుంది."

బస్సు కిటికీలోంచి చూస్తే ఇంటి దాకా కనిపించిన ప్రతి ఆకూ ప్రతి గోడా నన్ను పరీక్షిస్తున్నట్టే అనిపించింది. ఇది ఆకుపచ్చేనా? ఆకు కాబట్టి ఆకుపచ్చ అనుకుంటున్నానా?

నాన్న రైలు డ్రైవరు. ప్యాసింజర్ బండి నడిపేవాడు. నేను ఈ కోర్సులో చేరిన రోజు ఇంజిన్ షెడ్‌లో అందరికీ టీ ఇప్పించి, "మా అమ్మాయి నడపబోయే బండికి పట్టాలుండవు, సిగ్నళ్లుండవు" అని చెప్పుకున్నాడట. అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. దారం అయిపోతే నాన్నను పంపినా నన్ను పంపినా తప్పు రంగు తెచ్చేవాళ్లం. అమ్మ విసుక్కుంటే నాన్న అమాయకంగా ముఖం పెట్టి, "పచ్చ అన్నావు, పచ్చే తెచ్చాను. ఆకా పసుపా అని విడమరిచి చెప్పాలి కదా?" అనేవాడు. తండ్రీకూతుళ్లకు బజారంటే లెక్కలేదని అమ్మ మళ్లీ తనే వెళ్లి తెచ్చుకునేది. అది మా ఇంట్లో జోకు.

ఆ వారమే పైలట్ శరీరధర్మంలో నాలుగో చాప్టర్ మొదలైంది. కన్ను. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నాను. ఎరుపు, ఆకుపచ్చ సరిగా తెలియని లోపం మగవాళ్లలో చాలామందికి ఉంటుందట, ఆడవాళ్లలో బహు అరుదట. దాని కింద ఒక వాక్యం ఉంది: ఆడపిల్లకు ఈ లోపం ఉందంటే ఆమె తండ్రికి అది తప్పకుండా ఉంటుంది, తల్లి తనకు లోపం లేకుండానే దాన్ని మోస్తూ ఉంటుంది.

ఉండవచ్చు అని లేదు. తప్పకుండా అని ఉంది. నాలుగుసార్లు చదివాను. నా గురించి ఏడవాలని కూర్చున్నదాన్ని, ఆ వాక్యం దగ్గర నన్ను నేను మరిచిపోయాను. రైలు డ్రైవర్‌కు కళ్ల పరీక్ష పెట్టకుండా ఇంజిన్ ఇవ్వరు. ఇరవై ఆరేళ్లుగా నాన్న రోజూ సిగ్నళ్లు చూసి బండి నడుపుతున్నాడు. లేదా చూడకుండా.

మర్నాడు అమ్మ బజారుకు వెళ్లిన సమయం చూసి పుస్తకం నాన్న ముందు పెట్టాను. ఆయన మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఏమిటన్నాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాను. కళ్లజోడు తీసుకుని, పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత పుస్తకం మూసి, అట్ట మీద పడిన పాలిష్ మరకను బొటనవేలితో తుడిచాడు.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు.

అంతే. నేను లోపల ఎన్ని ప్రశ్నలు పేర్చుకున్నానో, ఒక్కటి కూడా అడగనక్కర లేకపోయింది.

తర్వాత ఆయనే చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. ఉద్యోగంలో చేరే రోజున దీపాలు చూపించి అడిగే యంత్రం చెడిపోయి, చుక్కల పుస్తకంతోనే సరిపెట్టారట. రంగు చుక్కల్లో అంకెలు దాగి ఉంటాయి, చదివి చెప్పాలి. లోపలికి వెళ్లి వచ్చిన కుర్రాళ్లు బయట చెప్పుకుంటుంటే నాన్న విని బట్టీ పట్టేశాడు. పెద్దవాళ్ల ఇంట్లో తిండికి పిలిచినట్టు అంత ఆశగా ఎదురుచూసిన ఉద్యోగం. ఒక్క రోజుకు గండం గడిస్తే చాలనుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లకోసారి అదే పుస్తకం. పట్టాల పక్కన సిగ్నల్ స్తంభం మీద ఏ దీపం ఏ ఎత్తున ఉంటుందో తెలుసు కాబట్టి, వెలిగే చోటును బట్టి రంగు పోల్చుకునేవాడు. మంచులో, వానలో స్తంభం కనబడనప్పుడు బాబాయి ఉండేవాడు.

బాబాయి అంటే నాన్న అసిస్టెంట్. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే ఇంజిన్‌లో. సిగ్నల్ కనబడగానే ఇద్దరూ పైకి చెప్పుకోవాలని రూలు. ఎప్పుడూ ముందు బాబాయే చెప్పేవాడు, నాన్న తిరిగి పలికేవాడు. "బాబాయికి తెలుసా?" అంటే, "ఎప్పుడూ అడగలేదు. కానీ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ముందు చెప్పనివ్వలేదు" అన్నాడు నాన్న.

మరిప్పుడు భయమేమిటంటే, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త ఇంజిన్లు వస్తున్నాయి. వాటిలో ఒక్క డ్రైవరే. బాబాయికి వేరే బండి ఇచ్చారు.

ఆఫీసులో చెప్పేయమన్నాను. ఇంకా ఆరేళ్లు సర్వీసుందన్నాడు. ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలన్నాడు. బండిలో అంతమంది ఉంటారు నాన్నా అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మరి నువ్వు చెప్తావా, తొమ్మిదో తారీఖున?"

చెప్పకూడదని అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాను. అది ఆయనకు నా ముఖంలో కనబడింది.

రెండు రోజుల తర్వాత నాన్న తన పెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక ప్లాస్టర్ అంటించి ఉంది. ఇరవై నాలుగు వరుసలు. పేజీ, దాని ఎదురుగా చెప్పాల్సిన అంకె. అన్ని చోట్లా ఆ పుస్తకమే వాడతారని చెప్పాడు. "ప్రతి పేజీ మూలన చిన్న నంబరుంటుంది. అది చూడు. చుక్కల వైపు చూడకు, చూస్తే తడబడతావు. వెంటనే కూడా చెప్పకు, కొంచెం ఆలోచించినట్టు ఉండి చెప్పు."

రోజూ పొద్దున డ్యూటీ లేనప్పుడు మేడ మీద నన్ను కూర్చోబెట్టి అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. అమ్మ కింద నుంచి మిషన్ తొక్కుతూ, తండ్రి కూతురికి చదువు చెప్పడం ఈ వయసులో చూస్తున్నానని మురిసిపోయేది. ఆ సెమిస్టర్ మొత్తంలో నేను అన్నిటికంటే బాగా చదివిన పాఠం అదే. వారం తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. నాన్న నాకు నేర్పుతున్నది ఎలా గట్టెక్కాలో కాదు, ఇరవై ఆరేళ్లు ఎలా బతకాలో అని తెలుస్తూనే ఉంది. అయినా మానలేదు.

ఒకటో తారీఖు వచ్చింది. నాన్న ఒక్కడే కొత్త ఇంజిన్ ఎక్కాడు.

వాతావరణం సబ్జెక్టులో మాకు ఆ నెలంతా ఒకటే పని. రోజూ సాయంత్రం డిపార్ట్‌మెంట్ మేడ మీది పెట్టెలో ఉన్న పరికరాలు చూసి, మర్నాటి తెల్లవారుజామున మంచు పడుతుందా లేదా అని లెక్క కట్టి రాసివ్వాలి. గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత చల్లబడితే అందులో తేమ నీరవుతుంది, ఆ రెండిటికీ తేడా ఎంత, ఆకాశం తేటగా ఉందా, గాలి కదులుతోందా. తేడా తగ్గిన కొద్దీ, గాలి ఆగిన కొద్దీ మంచు చిక్కబడుతుంది. మిగతావాళ్లు మార్కుల కోసం చేశారు. నేను మాత్రం రోజూ ఆ పెట్టె ముందు నాన్న జాతకం చూసినట్టు నిలబడేదాన్ని. రెండో తారీఖున తేడా ఆరు డిగ్రీలు. నిశ్చింతగా ఇంటికి వెళ్లాను. మూడున నాలుగు. నాలుగో తారీఖు పొద్దున లెక్కకు అందని చిన్న మంచు పడింది. నాన్న మధ్యాహ్నం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా స్నానం చేసి పడుకున్నాడు.

ఆరో తారీఖు సాయంత్రం పరికరాలు చూశాను. తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడితే గాలి అన్నది ఒంటికి తగలలేదు. కాగితం మీద "దట్టమైన మంచు, యాభై మీటర్లకు మించి కనబడదు, తొమ్మిది గంటల వరకు" అని రాసి టవర్ సార్ పక్క గదిలో ఇచ్చేసి, బస్సు కోసం ఆగకుండా సగం దూరం నడిచాను.

ఇంటికి వెళ్లి నాన్నను సెలవు పెట్టమన్నాను. జ్వరమని చెప్పమన్నాను. ఆయన క్యారేజీ గిన్నెలు తుడుస్తున్న అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి, నలుగురు డ్రైవర్లలో ఒకడు అప్పటికే సెలవులో ఉన్నాడని చెప్పాడు. రేపు సెలవు పెడితే ఎల్లుండి కూడా మంచే కదా అన్నాడు. నా లెక్క తప్పు కావచ్చని కూడా అన్నాడు. నా లెక్క తప్పు కాదని నేను అన్నాను. జీవితంలో మొదటిసారి నా చదువు తప్పైతే బాగుండునని కోరుకున్నాను.

పొద్దున అయిదింటికి ఆయన వెళ్లిపోయాడు. ఆరింటికి కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ లేదు. మా గేటు లేదు. అమ్మ లేచి, ఎంత ముచ్చటగా ఉందో చూడు, పాలు పొంగినట్టుంది అంది. నేను స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి కూర్చున్నాను. ఇరవై నాలుగు అంకెలూ వాటంతటవే వరసగా వస్తున్నాయి. వద్దన్నా ఆగలేదు. క్లాసుకు పోలేదు. తొమ్మిదయింది. పదయింది. ఫోన్ మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే భయం. పదకొండింటికి నాన్న గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఆయన నడకను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. రెండు కాళ్లూ రెండు చేతులూ ఉన్నాయి.

అమ్మ ఇంత తొందరగా వచ్చారేమంటే బండి ఆలస్యమైందని, ఆఫీసులో ఇవాళ్టికి డ్యూటీ నుంచి దింపేశారని చెప్పి నేరుగా మేడ మీదకు వచ్చాడు. నేను వెనకే ఎక్కాను.

వంతెన దాటాక మలుపు దగ్గర ఒక సిగ్నల్ ఉంది. మంచులో స్తంభం లేదు, ఎత్తు లేదు, పక్క దీపాలు లేవు. గాల్లో ఒక వెలుగు ముద్ద మాత్రం వేలాడుతోంది. ఆయన బండి ఆపేశాడు. వెనక నుంచి గార్డు రేడియోలో ఎందుకాపారని అడిగాడు. నాన్న సిగ్నల్ పోల్చుకోలేకపోతున్నానన్నాడు. కంట్రోల్ వాళ్లు తమ దగ్గర ఆకుపచ్చ చూపిస్తోంది, పొమ్మన్నారు. ఇంకోసారి చెప్పమన్నాడు. వాళ్లు చెప్పారు. అయినా చెయ్యి కదలలేదట. ఎదురుగా వెలుగుతూనే ఉంది, కళ్లు తెరిచి చూస్తూనే ఉన్నాడు. పదకొండు నిమిషాలు. ఆయన వెనక మూడు బళ్లు ఆగిపోయాయి. చివరికి స్టేషన్ నుంచి ఒక మనిషి పట్టాల వెంట నడిచి వచ్చి, ఇంజిన్ కిందే నిలబడి, ఆకుపచ్చ సార్, అంటే అప్పుడు కదిలించాడు.

"అది ఆకుపచ్చే. వెళ్లిపోయినా ఏమీ అయ్యేది కాదు" అన్నాడు. పిట్టగోడకు రెండు చేతులూ ఆనించి కిందికి చూస్తున్నాడు. "మొన్న నాలుగో తారీఖున ఒకదాన్ని అలాగే ఊహించి దాటేశాను. సరిపోయింది. ఇవాళ ఊహించడానికి భయం వేసింది."

ఆలస్యానికి కారణం రాసివ్వమని ఆఫీసులో మెమో ఇచ్చారు. మూడు రోజులు గడువు. దట్టమైన మంచు అని రాస్తే చాలు, ఎవరూ గుచ్చి అడగరు. అదే రాస్తానన్నాడు. నేను సరేనన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తొమ్మిదో తారీఖున నాన్నే నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెమోకు జవాబు రాసిన కాగితం జేబులో ఉంది, దారిలో ఆఫీసులో ఇచ్చేద్దామనుకున్నాడు. వరండాలో బల్ల మీద కూర్చుని, నేను లోపలికి వెళ్లేముందు నెమ్మదిగా, "తొందరపడకు" అన్నాడు.

డాక్టరమ్మ పెద్దావిడ, మాట మెత్తన. గుండె విన్నది, చెవులు చూసింది, దూరం అక్షరాలు చదివించింది. అన్నీ బాగున్నాయని తనే సంతోషపడింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో పన్నెండు. అది ఎవరికైనా కనబడుతుంది. చెప్పాను. పేజీ తిప్పింది.

మూలన చిన్న అక్షరాల్లో రెండు అని ఉంది. కాగితంలో దానికి ఎదురుగా ఎనిమిది. నాలిక మీదే ఉంది. ఒక్క క్షణం ఆగి, కొంచెం ఆలోచించినట్టు ఉండి చెప్పాలి. ఆగాను. ఆగినప్పుడు చూడకూడదనుకుంటూనే చుక్కల వైపు చూశాను. నాన్న కిందకు దిగకుండా కూర్చున్న ఇంజిన్ కిటికీ లాంటిదే అది కూడా. ఎదురుగా ఏదో ఉంది, అది నాకు కనిపిస్తున్నట్టే ఉంది, కానీ అసలున్నది అది కాదు.

"మూడు" అన్నాను.

"బాగా చూడమ్మా. తొందరేం లేదు" అంది డాక్టరమ్మ.

"మూడేనండి."

ఆవిడ తర్వాతి పేజీ తిప్పింది. తర్వాతవన్నీ నాకు కనిపించినవే చెప్పాను. కొన్నింటిలో ఏమీ లేదన్నాను. పుస్తకం మూసి ఆవిడ చాలాసేపు ఫారం నింపింది. సంతకం పెట్టి ఇస్తూ, పైలట్ కాకపోయినా విమానాల్లో పనులు చాలా ఉంటాయంది. అవునండి అన్నాను. ఆ క్షణంలో ఒక్క పని పేరు కూడా గుర్తుకు రాలేదు.

బయటికి వస్తే నాన్న లేచి నిలబడ్డాడు. నా ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఎన్నో పేజీ దగ్గర తప్పిందని అడిగాడు. రెండోదాని దగ్గరన్నాను. మర్చిపోయావా అన్నాడు. లేదు, గుర్తుంది, నాకు కనిపించిందే చెప్పానన్నాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా చదువు, ఆయన షెడ్‌లో ఇప్పించిన టీలు, మేడ మీద గడిపిన పొద్దులన్నీ ఆ బల్ల మీద మా ఇద్దరి మధ్య కూర్చున్నట్టుంది.

గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మూడా?"

"అవును."

"నాక్కూడా మూడే" అన్నాడు నాన్న.

బయట ఆటోలో కూర్చున్నాక జేబులోంచి ఆ జవాబు కాగితం తీసి, దట్టమైన మంచు అని ఉన్న వాక్యాన్ని ఒకసారి చదువుకుని, మడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆఫీసు దగ్గర నన్ను ఆటోలోనే ఉండమని లోపలికి వెళ్లాడు. గంట తర్వాత వచ్చాడు. కొత్త కాగితం అడిగి మళ్లీ రాశానని మాత్రం చెప్పాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం అన్నీ అమ్మకు చెప్పాల్సి వచ్చింది. నాన్న చెప్పలేకపోతే నేను చెప్పాను. అమ్మ మిషన్ మీద చేతులు ఆనించి పూర్తిగా విన్నది. నా కోర్సు పోయిందంటే కళ్లు తుడుచుకుంది. నాన్న సంగతికి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. కంచాలు పెట్టేది, తీసేది. మేమిద్దరం కలిసి తనను గుమ్మం బయట నిలబెట్టామని పక్కింటావిడతో అందట.

నాన్నకు ఇంజిన్ తీసేశారు. పెద్ద డాక్టర్ దగ్గర మళ్లీ పరీక్ష, విచారణ, ముగ్గురు అధికారుల ముందు మూడు రోజులు. ఉద్యోగమే పోతుందని షెడ్‌లో అందరూ అనుకున్నారు. బాబాయి తన డ్యూటీ మానుకుని వచ్చి, పదకొండేళ్లూ తను పైకి చెప్పిన సిగ్నళ్లన్నిటికీ తనదే బాధ్యత అని రాసిచ్చాడు. అలా రాస్తే తనకు కూడా ముప్పని నాన్న బతిమాలినా వినలేదు. బాబాయికి ప్రమోషన్ ఆపేశారు. నాన్నను పొద్దున్నే డ్రైవర్లు వచ్చి సంతకం పెట్టే గదిలో, రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు సంతకం పెట్టి, తాళం తీసుకుని, ఆయన ముందు నుంచే ఇంజిన్లకు వెళ్లేవాళ్లు. కొందరు పలకరించేవారు కాదు. నాలుగో తారీఖున దాటిన సిగ్నల్ సంగతి అందరికీ తెలిసిపోయింది, ఎందుకంటే అది కూడా ఆయన ఆ కాగితంలో రాశాడు.

నేను టవర్ సార్‌కు ఫారం చూపించాను. ఆయన చదివి, పైలట్ కోర్సులోంచి నా పేరు తీసి వాతావరణం డిగ్రీలోకి మార్చమని తనే అర్జీ రాశాడు. ఇది నీకు పరిహారం కాదమ్మా, నీ ఆరో తారీఖు లెక్క చూశాను కాబట్టి రాస్తున్నాను అన్నాడు. నా క్లాసు వాళ్లు మొదటిసారి విమానం ఎక్కిన రోజు నేను మేడ మీది పెట్టె దగ్గర పరికరాలు చూస్తున్నాను. పైన చప్పుడు వినబడింది. తలెత్తలేదు.

అమ్మ మాట్లాడింది నాన్న రిజిస్టరు ముందు కూర్చోవడం మొదలైన అయిదో రోజున. నాన్న అప్పుడే ఆ రిజిస్టర్ గది నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అమ్మ కుడుతున్న గుడ్డ చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. ఇన్నేళ్లూ పొద్దున్నే క్యారేజీ కట్టి పంపిన మనిషి, ఆ ముఖాన్ని ఎప్పుడూ సరిగా చూడలేదన్నట్టు కాసేపు ఆయన్ను చూసింది.

"ఇరవై ఆరేళ్లు. మీకు భయం వేసేది కాదా?" అని అడిగింది.

నాన్న ఆలోచించలేదు.

"రోజూ" అన్నాడు.

అమ్మ గుడ్డ పక్కన పెట్టింది. ఆయనకు కింది మెట్టు మీద కూర్చుని, ముడిపడిపోయిన బూటు లేసును గోటితో విప్పడం మొదలుపెట్టింది.